అవ్వ చేతుల గ్రాఫ్

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి లోకంలో ఉండదని నా గట్టి నమ్మకం. ఇరవై నిండని వయసు, ఏడాది పాటు గుండె పరీక్షల కోర్సు చదివి తెచ్చుకున్న సర్టిఫికెట్, ఒంటి మీద నాకంటే రెండు సైజులు పెద్దదైన తెల్లకోటు. ఈ మూడూ ఒకచోట కలిస్తే మనిషికి ఎంత ధైర్యం వస్తుందో ఇప్పుడు తలుచుకుంటే నాకే భయం వేస్తుంది. గుండె నాలుగు గదుల ఇల్లని, కుడివైపు పైగదిలో చింతగింజంత చోట కరెంటు పుడుతుందని, అది గది గదికీ పాకితేనే గుండె కొట్టుకుంటుందని మా వాడకట్టు ఆడవాళ్ళకు వాళ్ళు అడగకపోయినా చెప్పేదాన్ని. వాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ, తల ఎత్తకుండా వినేవాళ్ళు. "గట్లనా బిడ్డా! మరి కరెంటు పోతే ఎట్లనే?" అని ఒకామె అడిగితే అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. (ఆ ప్రశ్నకు జవాబు తెలియడానికి నాకు ఇంకో ఏడు నెలలు పట్టింది.)

మాది బోధన్. ఇంట్లో ముగ్గురమే, అందరం ఆడవాళ్ళమే: అమ్మ, నేను, అమ్మను కన్న అవ్వ. బాపు నా చిన్నతనంలోనే పోయాడు. అమ్మ, అవ్వ ఇద్దరూ బీడీలు చుట్టేవాళ్ళు. అవ్వ అయితే యాభై ఏళ్ళుగా చుడుతోంది. తునికాకు కత్తిరించడం, చిటికెడు తంబాకు పొయ్యడం, చుట్టడం, కొస మడిచి దారం కట్టడం, ఇవన్నీ ఆమె వేళ్ళు చేసేవి, ఆమె కాదు. ఆమె కళ్ళు వీధిలో ఉండేవి, నోరు పక్కింటి పంచాయితీలో ఉండేది, వేళ్ళు మాత్రం చాటలో తమ పని తాము చేసుకుపోయేవి. ఆ పని నన్ను ఒక్కనాడూ ముట్టుకోనివ్వలేదు. ఏడెనిమిదేళ్ళప్పుడు సరదాకి ఒక ఆకు తీసుకుని చుట్టబోతే కత్తెర వెనకవైపుతో చేతి మీద ఒక్కటి వేసింది. "గీ పని నీ చేతులకు అంటద్దు. అంటిందంటే ఇగ ఇడువదు" అంది. ఆ దెబ్బ తిన్న చేతితోనే పరీక్షలు రాసి, ఆమె చుట్టిన బీడీల మీదే చదువుకుని, నిజామాబాద్‌లో ఒక చిన్న గుండె ఆసుపత్రిలో గ్రాఫ్, అంటే ఈసీజీ, తీసే పిల్లగా కుదిరాను.

ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరు గారిది వేల్పూర్ వైపు. పసుపు పండించే ఇంట్లో పుట్టిన మనిషి. ఏ మాటా 'నిమ్మళంగ' అనకుండా మొదలుపెట్టరు. అందుకని మేము చాటుగా ఆయన్ని నిమ్మళం సారు అనుకునేవాళ్ళం. "నిమ్మళంగ అమ్మా, గుండె ఏడికి ఉరకదు" అంటూ మొదటిరోజే నాకొక పని పెట్టారు. పేషెంట్ల మీదికి పోకముందు మా ఇంటివాళ్ళవి, వాడకట్టువాళ్ళవి గ్రాఫులు తీసి చెయ్యి తిప్పుకోవాలి. ఇంకేముంది, దొరికినవాళ్ళను దొరికినట్టు బస్సెక్కించి పట్టుకుపోయాను. అమ్మది అయింది, ఎదురింటి అక్కది అయింది. ఆఖరికి అవ్వ వంతు వచ్చింది.

అవ్వ పెళ్ళికి పోయినట్టు తయారైంది. దసరాకు కొన్న చీర కట్టుకుంది, తలకు నూనె పెట్టుకుంది, డబ్బాలో జొన్నరొట్టె, పచ్చడి సర్దుకుంది. (ఆసుపత్రిలో ఆకలైతే? అదీ సబబే.) బస్సులో నా పక్కన కూర్చుని చాలాసేపు ఏదో ఆలోచించింది. తర్వాత చెవిలో అడిగింది: "బిడ్డా, దిల్ల ఉన్నదంత గా కాయితం మీద వస్తదా?"

"మొత్తం వస్తది అవ్వా. ఏదీ దాగదు" అన్నాను గొప్పగా. ఎడపల్లి దాటాం. చెరుకు ట్రాక్టరు ఒకటి రోడ్డుకు అడ్డంగా తిరుగుతుంటే బస్సు ఆగింది. అప్పుడు ఇంకా నెమ్మదిగా అడిగింది. "బెల్లం సంగతి గూడ వస్తదా?"

అవ్వకు ఎనిమిదేళ్ళుగా షుగర్ ఉంది. (మా ఊళ్ళో చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది కానీ చక్కెర మాత్రం ఇంటింటా తయారవుతూనే ఉంది, మనుషుల ఒళ్ళలో.) బెల్లం మానేశానని అందరితో చెప్పి, తునికాకు కట్టల కింద చిన్న గడ్డ దాచుకుని పొద్దుకొకసారి నోట్లో వేసుకునేదని నాకు ఆ రోజే తెలిసింది. "వస్తది. అందుకే మానెయ్యి" అని బెదిరించాను. పాపం, బస్సు దిగేదాకా కొంగుతో మూతి తుడుచుకుంటూనే ఉంది.

గదిలో బల్ల మీద పడుకోబెట్టాను. రెండు చేతులకు, రెండు కాళ్ళకు పట్టీలు, ఛాతీ మీద ఆరు రబ్బరు బుడగలు. కాళ్ళకున్న వెండి కడియాలు యాభై ఏళ్ళుగా ఊడి ఎరగవు, ఊడనన్నాయి కూడా. వాటి పైనుంచే పట్టీలు బిగించాను. జెల్లీ రాస్తే "గిదేందే, గింత సల్లగ?" అంది. బుడగలు పట్టుకోగానే "జలగలోలె పట్టినయి" అంది. "మాట్లాడకు అవ్వా" అని మీట నొక్కాను.

కాగితం బయటికి రాసాగింది. నేను దాన్ని చూశాను. మామూలు గ్రాఫులో ఒక చిన్న గుట్ట, పక్కన నిటారుగా ఒక కొండ, తర్వాత ఒక దిబ్బ, కొంచెం చదును, మళ్ళీ గుట్ట. ఇక్కడ గుట్టా లేదు, దిబ్బా లేదు. వెడల్పైన అలలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పరుగెడుతున్నాయి. మా కోర్సు పుస్తకంలో ఈ బొమ్మ చివరి పాఠంలో ఉంది. గుండె కింది గదులు అదుపు తప్పి తిరుగుతుంటే ఇలా వస్తుందని, దాన్ని వీటీ అంటారని, మనిషికి నిమిషాలే మిగిలి ఉంటాయని రాసి ఉంది. ఆ పేజీలో కింద ఇంకా ఏమేమో ఉన్నాయి. కానీ నేను నిమిషాల దగ్గరే ఆగిపోయాను.

"సార్! వీటీ! మా అవ్వ! సార్!" అని అరుస్తూ వరండాలోకి ఉరికాను. తెల్లకోటు కాళ్ళకు అడ్డం పడి మొదటి మలుపులోనే బోర్లా పడ్డాను. పెద్ద సిస్టర్ షాక్ మిషన్ బండిని తోసుకుంటూ నా పక్కనుంచే దూసుకుపోయింది. ఎవరో ఆక్సిజన్ అన్నారు, ఎవరో తలుపు తియ్యమన్నారు. వెయిటింగ్ హాల్లో కూర్చున్న మనుషులంతా లేచి నిలబడ్డారు. నేను మోకాలు పట్టుకుని కుంటుతూ గదిలోకి వచ్చేసరికి అవ్వ ఒంటినిండా వైర్లతో సగం లేచి కూర్చుని, గుమిగూడిన మమ్మల్ని చూసి కంగారు పడిపోతోంది.

"ఎవలికేమైందే? పాపం! గామెను ఈడ పండవెట్టుండ్రి, నేను దిగుత. నాదేమున్నది, నేను మంచిగనే ఉన్న!"

నిమ్మళం సారు వచ్చారు. కాగితం ఆయన ముందు పెట్టబోతే చేతితో పక్కకు జరిపారు. అవ్వ మొహం చూశారు. మణికట్టు పట్టుకుని అర నిమిషం లెక్కపెట్టారు. అప్పుడు కాగితం అడిగి తీసుకుని, ఒకసారి పై నుంచి కిందికి చూసి, మళ్ళీ అవ్వను చూశారు. ఈసారి ఆయన చూసింది ఆమె చేతుల్ని. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు చీర అంచును పట్టుకుని, ఆగకుండా, గడియారంలో ముల్లులాగా చుడుతూనే ఉన్నాయి.

"నిమ్మళంగ అవ్వా. ఏం చేస్తున్నవ్?"

"ఏం జేస్త సారూ? గీ పోరి పండుకో అన్నది, పండుకున్న."

"మరి చేతులు?"

అవ్వ తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసింది. సిగ్గుపడింది. "గవి ఖాళీగ ఉండయి సారూ. నిద్రల గూడ చుడ్తనే ఉంటయట. నా పెనిమిటి ఉన్నన్ని దినాలు తిడుతుండె."

సారు ఆమె కుడిచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, నన్ను మళ్ళీ మీట నొక్కమన్నారు. గుట్ట, కొండ, దిబ్బ. ఎంత బుద్ధిగా వచ్చాయంటే సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత నా మొదటి కాగితం మీద పెన్ను పెట్టి చూపించారు. అలల మధ్యలో తల ఎత్తుకుని తన నడక తాను నడుస్తున్న కొండలున్నాయి. "ఇగో, ఇవి గుండెవి. మిగిలినయన్ని బీడీలు." గుండె ఒకసారి కొట్టేలోపు వేళ్ళు మూడు నాలుగు సార్లు చుట్టాయి. ఒక్క వరుస మాత్రం శుభ్రంగా ఉంది. అది ఎడమచేతికి, ఎడమకాలికి మధ్య తీసే వరుస. కుడిచేతితో దానికి పనిలేదు. ఆ ఒక్క వరుస చూసినా నాకు తెలిసిపోయేది. "మిషన్‌కు గుండె తెల్వదమ్మా, కరెంటు తెలుసు. గుండెదా, చేతిదా అని దానికి పట్టింపు లేదు. గది మనం చెప్పాలె. ముందుగాల మనిషిని చూడు, తర్వాత కాయితం చూడు" అన్నారు. నేను తల ఊపాను. విన్నాననే అనుకున్నాను.

ఆ రోజు నుంచి ఆసుపత్రిలో నా పేరు బీడీల డాక్టరు. టీ తెచ్చే మనిషి దగ్గర్నుంచి అందరికీ నేనొక కథ. ఎవరి గ్రాఫు కొంచెం వంకరగా వచ్చినా "గిది గుండెనా, గణేశ్ బీడీనా" అని ఏదో ఒక బీడీ పేరు చెప్పి నవ్వేవారు. పైకి నవ్వాను గానీ లోపల పంతం పట్టాను. ఇక నా చేతుల మీదుగా ఒక్క వంకర గీత రాకూడదు. వచ్చినవాళ్ళందరినీ చేతులు నడుము కింద పెట్టుకోమనేదాన్ని, ఊపిరి గట్టిగా తీసుకోవద్దనేదాన్ని, దగ్గు వస్తే కసిరేదాన్ని. ఆర్నెల్లు తిరిగేసరికి నా గ్రాఫులు అచ్చు పుస్తకంలో బొమ్మల్లా ఉండేవి. సారు కూడా ఒకసారి "శుభ్రంగ తీస్తున్నవ్" అన్నారు. ఆ మాటకు నేను పొంగిపోయాను. మనిషిని చూడమన్న మాట ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియదు. శుభ్రమైన కాగితం ముందు పేషెంటు నాకు అడ్డంగా కనిపించసాగాడు.

చెరుకు కోతలు నడుస్తున్న రోజులు. ఒక పొద్దున నేను బయల్దేరబోతుంటే అమ్మ ఆపింది. "మీ అవ్వ పొద్దటి సంది చాట ముంగట కూసున్నది. ఒక్క కట్ట గాలే. జర సూడే." చూశాను. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్ళో చాట ఉంది, తడిపిన ఆకు ఉంది, తంబాకు ఉంది. ఆమె వీధి వైపు కూడా చూడడం లేదు.

"ఏమైంది అవ్వా?"

"ఏం లేదు బిడ్డా. రెక్కలు గుంజుతున్నయి. జర ఆయాసం, గంతే."

రెక్కలు గుంజడం అంటే చేతులు లాగడం. బీడీలు చుట్టే వాడకట్టులో రెక్కలు గుంజని ఆడమనిషిని చూపిస్తే పాదాలకు మొక్కుతాను. మెడ వంచి, భుజాలు బిగించి పూటంతా కూర్చుంటే గుంజక ఏం చేస్తాయి? ఆ నొప్పి మాకు వానాకాలంలో బురద లాంటిది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. అయినా నాకు గుండె తెలుసు కదా. పరీక్ష చేసి తేల్చేద్దామని ఆమెను బస్సెక్కించాను. ఈసారి ఆమె మంచి చీర కట్టుకోలేదు, రొట్టె సర్దుకోలేదు. బెల్లం గురించి అడగలేదు. కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. అప్పుడైనా నాకు అర్థం కావాల్సింది. నేను ఆమెను పడుకోనిచ్చి సీట్లో నా కోటు మడతలు సర్దుకున్నాను.

ఆ రోజు నిమ్మళం సారు బంధువుల పెళ్ళికని ఊరు వెళ్ళారు. డ్యూటీ డాక్టరు పై అంతస్తులో వార్డు చూస్తున్నారు. నేను అవ్వను బల్ల మీద పడుకోబెట్టి మీట నొక్కాను. నా జన్మలో అంత శుభ్రమైన గ్రాఫు తీయలేదు. ఒక్క వణుకు లేదు, ఒక్క అల లేదు. అన్ని వరుసల్లోనూ గుట్ట, కొండ, దిబ్బ తీర్చిదిద్దినట్టు ఉన్నాయి. ఆనందం పట్టలేక అవ్వ భుజం తట్టాను.

"శభాష్ అవ్వా! ఈసారి చేతులు కదిలియ్యలే!"

అవ్వ కొంచెం నవ్వింది. "కదుల్తలేవు బిడ్డా" అంది.

ఆ మాటను నేను ఆమె బుద్ధిమంతురాలైనందుకు గుర్తుగా తీసుకున్నాను. యాభై ఏళ్ళు నిద్రలో కూడా ఆగని చేతులు పట్టపగలు ఆగిపోతే, అది జబ్బు అని ఎనిమిదో తరగతి పిల్లకైనా తట్టాలి. నాకు తట్టలేదు, నేను కాగితం చూస్తున్నాను. పెద్ద సిస్టర్ తలుపులోంచి తొంగిచూసి "ముసలామె మొహం వాడినట్టున్నది, సారుకు ఫోన్ చేద్దామా? పైన డాక్టర్ని పిలుద్దామా?" అని అడిగింది. "వద్దు సిస్టర్, గ్రాఫ్ మంచిగుంది. మళ్ళ అందరు నవ్వుతరు" అన్నాను. అవును, ఆ మాటే అన్నాను. పదిహేనేళ్ళుగా దాన్ని వేరే మాటగా మార్చుకోవాలని చూస్తున్నాను, మారడం లేదు.

"కాయితం ఏమన్నదే?" అని అవ్వ బట్టలు సర్దుకుంటూ అడిగింది.

"మంచిగున్నవ్ అన్నది."

"అయితే గంతే. నువ్వు సదివినదానివి" అంది. ఆ కాగితం తనకివ్వమని అడిగి, నాలుగు మడతలు పెట్టి నడుముకు దోపుకునే సంచిలో పెట్టుకుంది.

ఆ తర్వాత మూడు రోజులు అవ్వ పడుకునే ఉంది. చూడవచ్చిన వాళ్ళకల్లా సంచి తట్టి చూపించేది. "నా మనుమరాలు మిషన్ పెట్టి సూసింది. నా గుండెకాయ మంచిగున్నది." అమ్మ రెండుసార్లు బోధన్‌లోనే ఏదైనా దవాఖానాకు పోదామంటే కోపం చేసింది. "పిల్ల సూసినంక ఇంకోలు సూసుడెందుకు? అది సదువుకోలేదా?" ఒంట్లో ఏమవుతోందో ఆమెకు తెలిసే ఉంటుంది. కానీ ఆమె తన ఒంటి కంటే నన్ను ఎక్కువ నమ్మింది. నేనూ నన్ను నమ్ముకుని, రోజూ బస్సెక్కి వెళ్ళి ఇతరుల గుండెలకు శుభ్రంగా గ్రాఫులు తీసి వచ్చాను.

నాలుగో రోజు పొద్దున ఆమెకు చెమటలు పట్టాయి. చీర తడిసిపోయింది. అమ్మ నూట ఎనిమిదికి ఫోన్ చేసింది. అంబులెన్స్ మా ఆసుపత్రికే వచ్చింది. ఈసారి నేను మీట నొక్కలేదు. పెద్ద సిస్టర్ నొక్కింది. కొండలు ఉండాల్సిన చోట పల్లాలున్నాయి. సారు స్కానింగ్ చేస్తూ తెర నా వైపు తిప్పారు. నల్లటి తెర మీద అవ్వ గుండె ముడుచుకుంటూ తెరుచుకుంటోంది. ముందువైపు గోడ ఒకటి మాత్రం అందులో కలవకుండా ఊరికే ఉంది.

"ముందరి గోడ కదుల్తలేదు. రక్తం పోయే దారి మూసుకున్నది. అయిపోయి మూడు నాలుగు దినాలైంది" అన్నారు సారు. షుగర్ పాతబడితే నరాలు మొద్దుబారతాయని, గుండె కండ చచ్చిపోతున్నా ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చని, ఆయాసమో చేతుల లాగుడో మాత్రమే పైకి కనిపిస్తుందని చెప్పారు. మొదటి గంటల్లో గ్రాఫు మామూలుగా కూడా రావచ్చు. అందుకే మళ్ళీ మళ్ళీ తీయాలి. కండ దెబ్బతింటే రక్తంలోకి ఒక పదార్థం కారుతుంది, దాన్ని పట్టుకునే పరీక్ష చేయాలి. చర్మం తెగితే కొత్త చర్మం వస్తుంది, గుండె కండ చస్తే కొత్తది రాదు, మచ్చ మిగులుతుంది. ఇవన్నీ నా పుస్తకంలో ఉన్నాయి. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

"మొన్న గ్రాఫ్ ఎవలన్న తీసిండ్రా?" అని అడిగారు.

"నేనే సార్."

ఆయన తిట్టలేదు. కుర్చీ నా వైపు జరిపి, "కూసో అమ్మా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

మంచం మీదినుంచి అవ్వ అంతా వింటోంది. మాస్కు కొంచెం పక్కకు జరుపుకుంది. "సారూ, పిల్ల మంచిగనే తీసింది. నేనే చెప్పలే. నేను రెక్కలన్న, గుండె అనలే. దాని నౌకరికేం గాదు గదా?" అంది. సారు ఏం కాదన్నారు. ఆమె నిమ్మళించి కళ్ళు మూసుకుంది. నేను ఆ కుర్చీలోనే కూర్చుని తెల్లకోటు అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

రెండు రోజులు మందులు నడిచాయి. రెండో రోజు మధ్యాహ్నం ఆమె కొంచెం తేరుకుని, "బిడ్డా, గా మిషన్ల బెల్లం సంగతి వచ్చిందా?" అని అడిగింది. "రాలే అవ్వా" అన్నాను. "మరి అన్ని వస్తయంటివి" అంది, నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఎంతోసేపు కాలేదు. సారు రౌండ్స్‌కు వచ్చి అవ్వ మంచం దగ్గర నిలబడి ఫైలు చూస్తున్నారు. మానిటర్ గట్టిగా మోగింది. తల ఎత్తితే తెర మీద నాకు బాగా తెలిసిన బొమ్మ. గుట్టా లేదు, దిబ్బా లేదు. వెడల్పైన అలలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పరుగెడుతున్నాయి.

నేనూ సారూ ఇద్దరం ఒకేసారి అవ్వ చేతుల వైపు చూశాం.

దుప్పటి మీద ఉన్నాయి. కదలడం లేదు.

తర్వాత చేయాల్సినవన్నీ చేశారు. షాక్ మిషన్ వచ్చింది, ఈసారి నిజంగానే వాడారు, నాలుగుసార్లు. సారు చెమటతో తడిసిపోయారు. నేను గోడకు ఆనుకుని నిలబడి, ఆ చేతులు ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి చీర అంచును పట్టుకుని చుడితే చాలని, ఆసుపత్రి మొత్తం జన్మంతా నన్ను చూసి నవ్వినా సరేనని మొక్కుకున్నాను. కరెంటు పోతే ఎట్లనే అని ఆ రోజు అడిగినామెకు జవాబు నేను ఇంతవరకూ చెప్పలేదు.

అవ్వ సామాను పెద్ద సిస్టర్ నా చేతికిచ్చింది. వెండి కడియాలు చివరికి ఊడాయి. నడుము సంచి తెరిస్తే అందులో నేను తీసిన గ్రాఫు నాలుగు మడతల్లో ఉంది, దాని పక్కన తునికాకులో చుట్టిన చిన్న బెల్లం గడ్డ ఉంది. ఒంటి వేడికి బెల్లం కరిగి, కాగితం మడతల్లోకి పాకి, నా శుభ్రమైన గుట్టల మీద, కొండల మీద జిగటగా అంటుకుపోయింది. బెల్లం సంగతి చివరికి కాగితం మీదికి వచ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ నేను నవ్వితే, పిల్లకు మతి పోయిందని సిస్టర్ భయపడింది.

దినాలయ్యాక నేను నౌకరికి పోనన్నాను. వాడకట్టులో నన్ను ఎవరూ ఏమీ అనలేదు. "పాపం, పిల్ల మంచిగనే సూసిందట, అవ్వ ఆయువు గంతే" అని ఓదార్చారు. ఆ ఓదార్పు తట్టుకోలేక తలుపు వేసుకుని కూర్చునేదాన్ని. ఒకరోజు నిమ్మళం సారు ఫోన్ చేశారు. "నిమ్మళంగ రా అమ్మా. కానీ రా. ఇగ నువ్వు ఎవల చేతులు చూడకుండ ఉండవు. గసుంటి మనిషి నాకు కావాలె" అన్నారు. నెల తర్వాత వెళ్ళాను. ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాను.

ఇప్పుడు నా కింద కొత్త పిల్లలు పనిచేస్తున్నారు. ఎవరు వచ్చి బల్ల మీద పడుకున్నా నేను ముందు ఏం పని చేస్తారని అడుగుతాను. చెరుకు నరికే చెయ్యా, పసుపు తవ్వే చెయ్యా, బీడీ చుట్టే చెయ్యా, అది ఎప్పటిలాగే ఉందా, ఈ వారంలో ఏమన్నా మారిందా అని చూసి అప్పుడు మీట దగ్గరికి వెళ్తాను. ఆలస్యం చేస్తానని బయట కూర్చున్నవాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనీ. అవ్వ మొదటి గ్రాఫు, నేను వరండాలో బోర్లా పడ్డ రోజుది, నా డెస్కు సొరుగులో ఉంది. అది వేడికి గీతలు పడే కాగితం, ఏళ్ళు గడిస్తే వెలిసిపోతుంది. ఆ కొండలన్నీ ఇప్పుడు దాదాపు తెల్లబడ్డాయి. వెలుగుకు అడ్డం పెడితే మాత్రం ఇంకా కొన్ని అలలు కనిపిస్తాయి. యాభై ఏళ్ళలో ఆమె చుట్టిన బీడీలన్నీ ఎక్కడెక్కడో కాలిపోయాయి. ఆమె చుట్టినట్టు రుజువు ఆ కాగితం ఒక్కటే.

కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ నేనొక పరీక్ష పెడతాను. నేనే బల్ల మీద పడుకుని నా గ్రాఫు తీయమంటాను. మొదట శుభ్రంగా వస్తుంది. నా చేతులు ఖాళీగా ఉండడం ఎరిగిన చేతులు, అవ్వ వాటిని అలా పెంచింది. కాసేపయ్యాక కుడిచేతి రెండు వేళ్ళతో చీర అంచు పట్టుకుని చుట్టడం మొదలుపెడతాను. (ఎంత సాధన చేసినా నా అలలు వంకరటింకరే, ఆమెవి ఎంత సమంగా ఉండేవో!) చాలామంది నాలాగే చేస్తారు. కాగితం పట్టుకుని వరండాలోకి ఉరుకుతారు. ఒకమ్మాయి నిరుడు పడింది కూడా. నేను వైర్లతో సగం లేచి కూర్చుని, "ఎవలికేమైందే? పాపం!" అని అరుస్తాను. అది నాకెందుకంత నవ్వులాటో వాళ్ళకు తెలియదు.

మొన్న చేరిన అమ్మాయిది ముప్కాల్. మాట తక్కువ, కోటు మాత్రం సరిగ్గా సరిపోయింది. నేను వేళ్ళు తిప్పడం మొదలుపెట్టగానే కాగితం వైపు ఒక్క క్షణం చూసింది, దాన్ని వదిలేసి నా మొహంలోకి చూసింది, తర్వాత కిందికి. "మేడం, మీ చేతులు" అని, నా కుడిచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టి పట్టుకుంది. నేను లేచి అరవాల్సింది మరిచి, ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయాను. ఆ అమ్మాయి కంగారుపడి "ఏమైంది మేడం?" అంది. ఏం లేదన్నాను. తెల్లకోటు కాళ్ళకు చుట్టుకుని వరండాలో బోర్లా పడ్డ ఒక తిక్కపిల్ల గుర్తొచ్చిందని, దాన్ని లేపి మోకాలు తుడవాలనిపించిందని ఆ అమ్మాయికి ఎలా చెప్పను? నవ్వి, ఇంకోసారి మీట నొక్కమన్నాను.